పన్నెండు గొలుసుల పన్నెండు అణాలు

కరీంనగర్ నుంచి ఉట్నూరు మీదుగా జైనూరు వైపు వెళ్లేవాళ్లు మామూలుగా అడవి చూడ్డానికో, జలపాతాలు చూడ్డానికో, చుట్టాల పెళ్లికో వెళ్తారు. నేను రెండు డబ్బాల్లో ఏది కొనాలో తేల్చుకోవడానికి వెళ్లాను. కాబట్టి ఇందులో అడవి తక్కువ, డబ్బాలు ఎక్కువ.

కరీంనగర్‌లో నాకొక చిన్న సర్వే ఆఫీసు ఉంది. ఇళ్ల స్థలాలు కొలుస్తాం. నా లెక్కలన్నీ గజాల్లోనే. మా పాత డేటా కలెక్టర్ మొన్న ఎండాకాలంలో ప్రాణం విడిచింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను: సర్వే చేసేటప్పుడు ఒక కర్ర మీద రిసీవర్ ఉంటుంది, అది ఉపగ్రహాల సాయంతో మనం నిలబడ్డ చోటు ఎక్కడో లెక్క కడుతుంది. ఆ లెక్కను చూపించి, దాచిపెట్టి, ఎటు నడవాలో చెప్పే చేతి డబ్బాయే డేటా కలెక్టర్. దాని తెలివంతా లోపలున్న సాఫ్ట్‌వేర్‌ది.

కొత్తది కొందామంటే ఇద్దరు అమ్మకందార్లు చెరో డబ్బా తెచ్చి వారం రోజులు వాడి చూడమన్నారు. ఒకటి పసుపుది. ఇటుకంత బరువు, నిండా మీటలు, సాఫ్ట్‌వేర్ పదేళ్ల కిందటిది. రెండోది నల్లది. పలకలాంటి అద్దం, రంగుల పటాలు, పని అయిన ప్రతిసారీ "పాయింట్ సేవ్ అయింది" అని తియ్యగా చెప్పే ఆడగొంతు. ధర పసుపుదానికి సగం. నిజం చెప్పాలంటే చూసిన మొదటి రోజే నా మనసు నల్లదాని మీద పడింది. అయినా నిష్పక్షపాతంగా ఉండాలని ఒక కాగితం మీద అడ్డగీతలు, నిలువు గీతలు కొట్టి పోలిక పట్టిక తయారు చేసుకున్నాను.

ఊళ్లో సిగ్నల్ ఉంటుంది కనుక ఊళ్లో అన్ని డబ్బాలూ బాగానే పనిచేస్తాయి. చెట్లూ గుట్టలూ ఉండి సిగ్నల్ లేని చోట చూడాలి. ఉట్నూరులో బడి పంతులు కుమ్ర మారుతి, వాళ్ల మేనత్త పొలం హద్దు తేల్చమని మూడు నెలలుగా ఫోన్లు చేస్తున్నాడు. స్వామికార్యం, స్వకార్యం రెండూ అవుతాయని బయలుదేరాను.

నాతో వచ్చింది రాజలింగు. మా ఆఫీసులో చైన్‌మన్. అరవైకి దగ్గర పడ్డాడు. నా దగ్గర చేరకముందే ఊరూరా తిరిగి భూములు కొలిచే ఇనుప గొలుసు లాగినవాడు. ఆ గొలుసునే మోసుకొచ్చి కారు డిక్కీలో పడేశాడు.

"ఇదెందుకు రాజలింగూ? ఇనుప సామానోడికి వేస్తే కిలోల లెక్కన వస్తుంది."

"ఉండనియ్యిన్రి మేడం. అదేమన్న తిండి అడుగుతదా?"

కొండగట్టు

కొత్త వస్తువేదైనా అంజన్నకు చూపించకుండా వాడితే రాజలింగుకు మనసొప్పదు. ఇవి మనవి కావు, ఇంకా కొనలేదు అని చెప్పి చూశాను. "కొన్నంక మొక్కితే ఏం ఫాయిదా? కొనకముందే అడగాలె, ఏది మంచిదో" అన్నాడు. కారు గుట్ట మీదికి తిప్పాను.

కార్లకూ, ట్రాక్టర్లకూ, వరికోత మిషన్లకూ పూజలు చేసి అలవాటైన పూజారి, ఇవేమిటని కూడా అడగలేదు. రెండింటి మీదా సిందూరం బొట్టు పెట్టి టెంకాయ చేతికిచ్చాడు. పసుపుదాని బొట్టు సున్నా మీట మీద పడింది. నల్లదాని బొట్టు అద్దం నడుమ పడింది. కొంగుతో తుడిస్తే నూనె సిందూరం అద్దమంతా పరుచుకుని, నల్లది ఎవరూ ముట్టకుండానే తనంత తాను మెనూలు తెరుస్తూ మూస్తూ కూర్చుంది. పట్టికలో మొదటి వరస రాశాను: సిందూరం, పసుపుది పాస్, నల్లది ఫెయిల్.

ఆ రాసేలోపు ఒక కోతి వచ్చి నల్లదాని అద్దం మీద రాసే పుల్లను లాక్కుపోయింది. చెట్టెక్కి రెండుసార్లు నమిలి, రుచి నచ్చక లోయలోకి వదిలేసింది. దాని ఖరీదు అమ్మకందారుకు నేనే కట్టాలి. గుట్ట కింద ముప్పై రూపాయల మిర్చి బజ్జీ తిన్నాక ఆ చేతి వేళ్లతో అద్దం నొక్కి చూశాను. అదీ ఫెయిలే. మీటలకు మిర్చి బజ్జీతో పేచీ లేదు. రాజలింగు దేవుడు జవాబు చెప్పేశాడన్న ముఖం పెట్టాడు.

లక్షెట్టిపేట

గోదావరి దాటాక ఒక చాయ్ హోటల్ దగ్గర ఆగాం. యజమాని గంగన్న, యాభై ఏళ్ల మనిషి. టీ గ్లాసులు పెట్టి బల్ల మీది డబ్బాల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"గది డేటా కలెక్టరే గద మేడం?"

మీకెలా తెలుసు అన్నాను.

"మస్కట్ల ఆరేండ్లు గిదే పని. డబ్బ సర్వేయర్ చేతుల, కర్ర నా చేతుల. రోడ్లకు రోడ్లు కొలిచినం. ఆరేండ్లల్ల ఒక్కసారి గూడ డబ్బ నాకియ్యలే. టీ పైసలొద్దు గని, జర పట్టుకోనియ్యిన్రి."

చేతులు కడుక్కుని, తువ్వాలకు తుడుచుకుని, రెండూ తీసుకుని నీడలోంచి నడి ఎండలోకి వెళ్లాడు. నేను చేయాలని కూడా అనుకోని పరీక్షలన్నీ చేశాడు. బొటనవేలు ఒక్కదానితో నడుస్తుందా అని చూశాడు, ఎందుకంటే రెండో చెయ్యి కర్ర మీద ఉంటుందట. నుదుటి చెమట వేలితో తీసి అద్దం మీద చిలకరించాడు. చివరికి నల్లదాన్ని ఎండకు ఎదురుగా పట్టి నన్ను పిలిచాడు. అద్దంలో నా ముఖం, ఆకాశం, తాటి చెట్టు కనిపించాయి తప్ప పటం కనిపించలేదు.

"నీడల అన్ని డబ్బలు మంచిగనే కనవడ్తయ్ మేడం. ఎండల కనవడేదే డబ్బ."

అంతలో నల్లది "పాయింట్ సేవ్ అయింది" అంది. గంగన్న పగలబడి నవ్వాడు. "గీమె మాట్లాడ్తది సరే. మనం చెప్పింది వింటదా?" అని అడిగాడు.

టీ పది రూపాయలు. బలవంతంగా ఇచ్చినా తీసుకోలేదు. డబ్బాలు తిరిగిచ్చేటప్పుడు పసుపుదాన్ని కాస్త ఆలస్యంగా ఇచ్చాడు. అతని కోసం ఇంకో టీ తాగేంత సేపు ఆగాల్సింది. ఆగకుండా వచ్చేసినందుకు ఇప్పటికీ నొచ్చుకుంటాను.

ఉట్నూరు

కరీంనగర్‌లో పొద్దున ఇడ్లీ దొరకని వీధి ఉండదు. ఉట్నూరులో పొద్దున అటుకులే. పోహా అంటారు. పసుపు రంగుతో, పైన సన్న కారప్పూస, పక్కన నిమ్మ చెక్క, ఇరవై రూపాయలకు ఆకలి తీరేంత. మహారాష్ట్ర పక్కనే కదా, హోటల్ మాటల్లో సగం మరాఠీ. బయట జీపుల వాళ్లు ఊళ్ల పేర్లు అరుస్తున్నారు. తొమ్మిదిమంది పట్టే జీపులో ఎంతమంది ఎక్కుతారో లెక్కపెట్టడం మొదలుపెట్టి, పదిహేను దాటాక మానుకున్నాను.

మారుతి మాస్టారు అక్కడికే వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, మాట నెమ్మదిగా. మేనత్త పొలం టిప్పన్ నకలు తెచ్చాడు. టిప్పన్ అంటే నిజాం కాలంలో గీసిన పొలం బొమ్మ. అందులో కొలతలు అడుగుల్లో ఉండవు. గొలుసుల్లో, అణాల్లో ఉంటాయి. గొలుసంటే ముప్పై మూడు అడుగులు. పాత రూపాయికిలాగే గొలుసుకూ పదహారు అణాలు. ఇదంతా నాకు చదువుకున్న రోజుల్లో తెలుసు. గజాల్లో పడ్డాక మళ్లీ దాని అవసరం రాలేదు.

పొలం వాగు ఒడ్డున ఉన్న పాత రాయి దగ్గర మొదలై, తూర్పుకు పన్నెండు గొలుసుల పన్నెండు అణాలు పోతుంది. ఆ చివర ఉండాల్సిన రాయి ఇప్పుడు లేదు. అదే మేం పెట్టాలి.

పసుపుదానిలో అడుగులూ మీటర్లే ఉన్నాయి. నల్లదాని సాఫ్ట్‌వేర్‌లో వెతికితే కొలతల జాబితాలో గొలుసు కూడా ఉంది, దాని పొడవు ముప్పై మూడడుగులని మనమే పెట్టుకోవచ్చు. నాకు ఎంత ముచ్చటేసిందో! రాజలింగుకు చూపించి, రంగులు చూపించి, గొంతు వినిపించాను.

"చారాణ కోడికి బారాణ మసాలా" అన్నాడు పోహా నములుతూ.

రాజలింగు చదువుతుంటే నల్లదానిలో నేనే కొట్టాను. పన్నెండు, చుక్క, పన్నెండు. ఒక్క నిమిషం పట్టలేదు. పసుపుదాని కోసం రాజలింగు పోహా పొట్లం కాగితం మీద గుణకారాలు వేసి నాలుగు వందల ఇరవై అడుగుల తొమ్మిది అంగుళాలని తేల్చాడు. అదీ నేనే ఎక్కించాను. పట్టికలో నల్లదానికి మంచి మార్కులు వేసి కారెక్కాం.

జైనూరు దాటాక

ఊరి పేరు చెప్పను. వాళ్ల తగవు వాళ్లది. మట్టి గోడలు నున్నగా అలికి ఉన్నాయి, ప్రతి వాకిలీ ఊడ్చి ఉంది. గోండుల ఊరు, ఎదురైనవాళ్లంతా "రాం రాం" అన్నారు.

మారుతి మేనత్త భీంబాయి యాభై దాటిన మనిషి. పాలు పోయని టీ ఇచ్చింది. మా వైపు చుట్టానికి అలాంటి టీ ఇస్తే ఏడాది చెప్పుకుంటారు. ఇంటి ముందు ఆవు కట్టేసి ఉంటే అదే అడిగాను. "ఆవు పాలు దూడయి గద, మనయా?" అంది, నేనేదో తప్పు మాట మాట్లాడినట్టు.

తగవు ఆమెకూ, పక్క పొలం సోనేరావుకూ. అతను ఆమెకు మరిది వరస. అడవి పందుల బాధకు అతను పత్తి చేను చుట్టూ తీగ కంచె వేసుకోవాలి, కంచె వేయాలంటే హద్దు తెలియాలి. మామూలు సంగతే. కాని రెండు చేన్ల నడుమ ఒక బావి ఉంది. భీంబాయి, ఆమె పెనిమిటి రెండు ఎండాకాలాలు తవ్విన బావి. తవ్విన మనిషి ఇప్పుడు కీళ్ల నొప్పులతో మంచం దిగలేడు. ఆమె చేనుకున్న నీరల్లా అదొక్కటే.

"వదినె బాయి నాకొద్దు మేడం" అన్నాడు సోనేరావు. "కని నా భూమిల వడ్డదనుకో, రేపు నా కొడుకులు ఊకుంటరా? అందుకే మాటనుకున్నం. మిషిన్ ఏడ సూపిస్తె ఆడ రాయి."

"ఆడనే రాయి" అంది భీంబాయి కూడా.

ఒక రిసీవర్‌ను గుట్ట మీద మూడుకాళ్ల స్టాండు మీద నిలబెట్టాం, ఇంకోటి కర్రకు తగిలించాం. టేకు చెట్ల కింద నల్లది అరనిమిషంలో లెక్క తేల్చింది. పసుపుది మూడు నిమిషాలు ఆలోచించింది. పట్టికలో నల్లది ముందుకొచ్చింది. వాగు రాయి దగ్గర మొదలుపెట్టి నల్లది చెప్పినట్టు తూర్పుకు నడిచాను. "గమ్యం చేరుకున్నారు" అంది. అక్కడ పుల్ల గుచ్చాం. బావి ఇంకా ఆరడుగుల అవతల ఉంది. అంటే సోనేరావు భూమిలో.

పసుపుదానితో మళ్లీ నడిచాను. అది అక్కడ ఆగలేదు. ఇంకో ఇరవై ఒక్క అడుగులు నడిపించి, బావి గట్టు మీదుగా దాటించి మూడడుగుల అవతల ఆగమంది. అంటే బావి భీంబాయిది.

అందరూ నన్నే చూస్తున్నారు. కర్ర అదే, రిసీవర్ అదే, గుట్ట మీదిదీ అదే. కాబట్టి తేడా మేం ఎక్కించిన అంకెల్లోనే ఉండాలి. ఆ మాత్రం తర్కం నాకు తెలుసు. ఒకటి పోహా పొట్లం మీద చేసిన లెక్క, ఒకటి టిప్పన్‌లో ఉన్నది ఉన్నట్టు కొట్టింది. ఏది తప్పో నాకు అనుమానమే రాలేదు.

"రాజలింగూ, నీ గుణకారం ఎక్కడో తప్పింది" అన్నాను, అందరి ముందూ.

అతను కాగితం తీసి చూసుకున్నాడు. "నాకైతే తప్పలే మేడం. మీ ఇష్టం" అన్నాడు.

నల్లది చూపించిన చోటే రాయి నాటారు. ఆ ఊళ్లో హద్దురాయి నాటితే దాని ముందు మోతుకాకులో జొన్నలు పెట్టి మొక్కుతారు. ఒకసారి జొన్నలు పెట్టాక ఆ రాయిని ఇక ఎవరూ కదపరని మారుతి నాకు మెల్లగా చెప్పాడు. సోనేరావు మొక్కాడు. భీంబాయీ మొక్కింది. ఏడవలేదు, గొడవ పెట్టుకోలేదు. లేచి బావి దగ్గరికి వెళ్లి, గిలకకున్న తన తాడు విప్పి, చుట్టలు చుట్టి భుజాన వేసుకుంది.

"ఇయ్యాల సంది నీళ్లు నీయి. అడిగి తోడుకుంట" అంది మరిదితో.

ఇరవై ఏళ్లలో ఎన్నో హద్దులు పెట్టాను. అరుపులు విన్నాను, తిట్లు తిన్నాను. తాడు విప్పుకుని పోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. అయినా పట్టికలో పసుపుదాని కింద ఇరవై ఒక్క అడుగుల తప్పు అని రాయడానికి కలం తీశాను.

రాజలింగు కారు దగ్గరికి వెళ్లి గొలుసు తెచ్చాడు. వాగు రాయి దగ్గర కూర్చుని ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస సోనేరావు చేతికిచ్చాడు. రాయి తనకు లాభంగా పడ్డ మనిషి, కావాలంటే పట్టనని అనొచ్చు. పట్టుకున్నాడు. ఒక్కో గొలుసు పరిచి, పుల్ల గుచ్చి, పైకి లెక్కపెట్టుకుంటూ నడిచారు. మేమంతా వెనకాల నడిచాం. పన్నెండో గొలుసు అయిపోయేసరికి కొత్త రాయి నాలుగడుగుల ముందుంది.

"ఇగ అణాలు" అన్నాడు రాజలింగు.

ఆ గొలుసుకు నాలుగు అణాలకొకటి చొప్పున ఇత్తడి బిళ్లలున్నాయి. మొదటి బిళ్ల రాయి దాటింది. రెండోది బావి గట్టు మీద పడింది. మూడోది బావి దాటి అవతల పడింది. రాజలింగు ఆ బిళ్ల మీద కాలు పెట్టి నిలబడ్డాడు. పక్కనే పసుపు డబ్బా గుచ్చించిన పుల్ల ఉంది.

"బారాణ అంటే ఎంత మేడం?"

"ముప్పావు" అన్నాను. అని, అక్కడే ఆగిపోయాను.

రూపాయిలో పన్నెండు అణాలు ముప్పావలా అని చిన్నపిల్లకూ తెలుసు. పన్నెండు గొలుసుల పన్నెండు అణాలంటే పన్నెండుంబావు కూడా కాదు, పన్నెండూ ముప్పావు. నేను కొట్టింది పన్నెండు చుక్క పన్నెండు. ఆ డబ్బా దాన్ని వందలో పన్నెండు భాగాలనుకుంది. దానికి అణాలు తెలియవు, గొలుసు అన్న మాట మాత్రం తెలుసు. తెలియాల్సింది నాకు. పొద్దున ఆ మనిషి నా ముందే చారాణ, బారాణ అన్నాడు కూడా.

తప్పు నాదని చెప్పాను. మారుతి మళ్లీ గోండీలో చెప్పాడు. రాజలింగు వైపు తిరిగి, నీ లెక్కే సరైనదని అదే జనం ముందు చెప్పాను. అతను గొలుసు మట్టి దులిపాడు. నేను సిగ్గుతో చచ్చాను.

ఇక సోనేరావు ఏమంటాడోనని భయం. జొన్నలు పెట్టిన రాయి అతని వైపుంది. అతను రాయి దగ్గరికి వెళ్లాడు.

"పెట్టిన రాయి తియ్యం" అన్నాడు. "రాయి ఏం తప్పు చేసింది? ఉండనియ్. హద్దుకు ఇంకోటి తెస్త." తనే వాగులోకి దిగి ఇంకో రాయి మోసుకొచ్చాడు. ఇత్తడి బిళ్ల పడ్డ చోట నాటారు. మళ్లీ మోతుకాకు, మళ్లీ జొన్నలు.

భీంబాయి తాడు గిలకకు కట్టింది. ముడి బిగించి, ఒకసారి లాగి చూసి, ఒక బిందె తోడింది. మొదటి చెంబు సోనేరావుకు, రెండోది రాజలింగుకు ఇచ్చింది. మూడోది నాకు. నీళ్లు చల్లగా ఉన్నాయి.

వాపసు

తిరుగు ప్రయాణంలో జన్నారం అడవిలో రోడ్డుకు అడ్డంగా దుప్పులు పోతుంటే కారాపాం. "దుప్పులు" అన్నాడు రాజలింగు. "అవును" అన్నాను. లక్షెట్టిపేటలో గంగన్న హోటల్ మూసి ఉంది. కొండగట్టు దగ్గర కారు నెమ్మది చేసి, మొక్కుతావా అని అడిగాను. "మొక్కుడు అయిపాయె మేడం" అన్నాడు.

ఏ డబ్బా కొన్నావని అడుగుతారు కదా. పసుపుది కొన్నాను. నల్లదాని తప్పేమీ లేదని అమ్మకందారుకు చెప్పి, కోతి తీసుకుపోయిన పుల్లకు డబ్బు కట్టి పంపించాను. అన్నీ తనకు తెలుసన్నట్టు మాట్లాడే డబ్బా నా చేతిలో ఉంటే నేనూ అలాగే తయారవుతాను. పసుపుది ఏదీ తనంత తాను చెప్పదు. లెక్క ముందు మనం వేసుకుని దానికివ్వాలి. ఇప్పుడు వేసిన ప్రతి లెక్కా రాజలింగుకు ఒకసారి చూపిస్తున్నాను. పట్టిక కాగితం మాత్రం పారేశాను.

మొన్న తొలకరికి మారుతి ఫోన్ చేశాడు. విత్తనాలు వేసే ముందు హద్దురాళ్లకు జొన్నలు పెడుతున్నారట. చేను నడుమ ఒక రాయి ఉంది, అది దేనికీ హద్దు కాదు, అరక దాన్ని తప్పించుకుని తిరుగుతోంది. ఊళ్లో దాన్ని మేడం రాయి అంటున్నారు. దానికీ పెట్టాలా వద్దా అని మేనత్త అడగమందట.

నేను ఏదో అనబోతుంటే ఫోన్ భీంబాయి తీసుకుంది.

"పెట్టిన మేడం. అడుగుడెందుకని పెట్టేసిన. దాని మీద బిందె పెడ్తున్న, మంచిగ ఆగుతది. పత్తి ఏరే కాలానికి ఒకపారి రా. గొలుసాయనను తోలుకరా. డబ్బలు తేకు."

సరేనన్నాను. గొలుసు డిక్కీలోనే ఉంది. బరువెందుకు, దించుతానని రాజలింగు రెండుసార్లు అడిగాడు. నేనే దించనివ్వలేదు.